దమ్ములో ట్రాక్టరు ఇంజిను వేడెక్కినపుడు – కారణ నిర్ధారణ

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో ఉభాల కాలం రైతుకు మిక్కిలి ఇరుకైనది. వంశధార, నాగావళి కాలువలకు విడిచిన నీరు శివారు ఆయకట్టుకు చేరేసరికి రోజులు గడుస్తాయి. మడిలో నీరు నిలిచిన వెంటనే దమ్ము పట్టాలి. ఆకుమడిలో నారు ముదరక ముందే ఊడ్పు పూర్తి కావాలి. అటువంటి సమయంలో ఊరిలోని కొద్దిపాటి ట్రాక్టర్లలో ఒకటి మడి మధ్య ఆవిరి చిమ్ముతూ ఆగిపోతే నష్టం దాని యజమానికే పరిమితం కాదు. వరుసలో వేచివున్న రైతులందరి నారు ముదురుతుంది, పిలకలు తగ్గుతాయి. కనుక ఈ విషయాన్ని వ్యవసాయ ఇంజనీరింగు విభాగానికి వదలివేయక, విస్తరణ శాస్త్రవేత్తలందరూ కొంత తెలుసుకొని ఉండాలని నా అభిప్రాయం.

వరి పొలం పసుపుబారిందని రైతు చెప్పగానే మనం ఎరువు పేరు చెప్పము. ముదురాకులా, లేతాకులా అని అడుగుతాము. ముదురాకులైతే నత్రజని, లేతాకులైతే గంధకం వైపు ఆలోచిస్తాము. ఇంజిను విషయంలో కూడా మొదటి ప్రశ్న "ఏ భాగం పాడైంది?" అన్నది కాదు, "ఏ పనిలో, ఎప్పుడు వేడెక్కుతోంది?" అన్నది.

డీజిల్ ఇచ్చే శక్తిలో ఇంచుమించు మూడోవంతు మాత్రమే పనిగా మారుతుంది. మిగిలినదానిలో పెద్ద భాగం పొగ గొట్టం ద్వారా, మరికొంత రేడియేటర్ నీటి ద్వారా బయటికి పోవాలి. కారుకు వేగం వల్ల ఎదురుగాలి లభిస్తుంది. దమ్ములో మెల్లగా కదిలే ట్రాక్టరుకు ఆ సాయం లేదు. రేడియేటర్ గుండా వెళ్ళే గాలి అంతా ఫ్యాను లాగవలసినదే.

దమ్ములో మాత్రమే వేడెక్కి, రోడ్డుపై మామూలుగా ఉంటే మొదట అనుమానించవలసినది లోడును. లోతైన బంకమట్టిలో దమ్ము చక్రాలతో పెద్ద గేరులో నడిపితే ఇంజిను కుంగుతుంది. దానితోపాటే ఫ్యాను, వాటర్ పంపు వేగం కూడా తగ్గుతాయి. అంటే వేడి ఎక్కువగా పుట్టే క్షణంలోనే చల్లార్చే శక్తి తగ్గిపోతుంది. చిన్న గేరుకు మారి ఇంజిను వేగాన్ని నిలుపుకుంటే చాలాసార్లు మరమ్మతు అవసరమే ఉండదు. ఆ పిమ్మట ఫ్యాన్ బెల్టు చూడాలి. ఇంజిను ఆపి, రెండు పుల్లీల నడుమ బొటనవేలితో నొక్కితే సాధారణంగా 10–15 మిల్లీమీటర్లు దిగాలి; అంతకు మించితే బెల్టు జారుతున్నట్లే.

కళ్ళంలో నూర్పిడి యంత్రం నడిపేటప్పుడు మాత్రమే వేడెక్కితే కారణం కంటికి కనిపిస్తుంది. తాలు, నలుసు రేడియేటర్ ముందున్న జాలీకి దుప్పటిలా అంటుకుంటాయి. జాలీని దులిపి ఊరుకోరాదు. దాని వెనుక రేడియేటర్ రెక్కల నడుమ ఇరుక్కున్న చెత్తను ఇంజిను వైపు నుండి బయటికి, అంటే గాలి వచ్చే దిశకు ఎదురుగా ఊదాలి. ముందు నుండి ఊదితే చెత్త మరింత లోపలికి దిగుతుంది.

గాలి సరిగా ఉండి, ఏ బరువు పనిలోనైనా వేడెక్కుతుంటే లోపలి నీటి ప్రవాహాన్ని శంకించాలి. ఇది మన ప్రాంతంలో తగినంత శ్రద్ధ పొందని విషయం. బోరు నీటిని నేరుగా రేడియేటర్‌లో పోయడం మామూలైపోయింది. బిందుసేద్యంలో డ్రిప్పర్లను మూసివేసే సున్నపు పొరే సిలిండర్ల చుట్టూ కూడా పేరుకుంటుంది. పోత ఇనుముతో పోలిస్తే అది వేడిని ఎన్నో రెట్లు తక్కువగా ప్రసరింపజేస్తుంది. తీరప్రాంత నూతులలోని ఉప్పునీరు లోహాన్ని తినివేస్తుంది. తయారీదారు సూచించిన కూలెంట్‌ను శుద్ధజలంతో కలిపి వాడడమే మార్గం. డ్రిప్పు గొట్టాలకు పెట్టే ఆమ్లాన్ని ఇక్కడ ప్రయోగించవద్దు. అల్యూమినియం భాగాలు చెడిపోతాయి.

ఈ తప్పుకు మూల్యం నేనూ చెల్లించాను. పాలకొండ మీదుగా సీతంపేట కొండలకు వెళ్ళే దారిలో నా కారు ఎక్కుడులో వేడెక్కేది, ఊరిలో నెమ్మదిగా తిరిగినప్పుడు ఏ ఇబ్బందీ ఉండేది కాదు. నిలిచినప్పుడు వేడెక్కితే ఫ్యానును, వేగంలోనో ఎక్కుడులోనో వేడెక్కితే రేడియేటర్‌ను ముందు చూడాలి. కానీ ఒక మెకానిక్కు ఫ్యాను మోటారు మార్చి, థర్మోస్టాట్‌ను అడ్డమని తీసివేశాడు. ఎప్పుడు వేడెక్కుతోందని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. సగం మూసుకుపోయిన రేడియేటర్ బయటపడేనాటికి సిలిండర్ హెడ్ వంకరపోయింది.

థర్మోస్టాట్‌ను తీసివేయడం ట్రాక్టర్లలో కూడా తరచు కనిపిస్తుంది. అది లేనప్పుడు కొన్ని ఇంజిన్లలో వేడినీటిలో కొంత భాగం రేడియేటర్‌కు పోకుండానే పక్కదారిన తిరిగి ఇంజినులో చేరుతుంది. అనుమానముంటే దానిని దారంతో నీటి గిన్నెలో వేలాడదీసి వేడిచేయాలి. దానిపై ముద్రించిన ఉష్ణోగ్రత, చాలావాటిలో 82 డిగ్రీల సెల్సియస్ ప్రాంతం, వద్ద తెరుచుకోవడం మొదలైతే అది నిర్దోషి.

మడిలో ఆవిరి కనిపించినపుడు డ్రైవరు చేయవలసినది కొంచెమే. బెల్టు తెగినా, నీరు కారిపోయినా ఇంజినును తక్షణం ఆపాలి. నీరు, బెల్టు సరిగా ఉంటే లోడు తీసివేసి కొద్ది నిమిషాలు నెమ్మదిగా తిరగనివ్వడం మేలు. మరుగుతున్న ఇంజినులో ముల్లు హఠాత్తుగా చల్లని వైపు పడిపోతే సంతోషించరాదు. సెన్సారును తాకేందుకు నీరే మిగలలేదని అర్థం కావచ్చు. రేడియేటర్ మూత లోపలి పీడనాన్ని పెంచి నీటి మరుగు ఉష్ణోగ్రతను 100 డిగ్రీలకు పైకి జరుపుతుంది. వేడిమీద మూత తీస్తే ఆ నీరు ఒక్కసారిగా మరిగి ఆవిరితోపాటు ముఖంపైకి చిమ్ముతుంది. కనీసం అరగంట ఆగి, చేతికి తగిలినా వేడి లేనప్పుడే, మందపాటి గుడ్డ వేసి మూతను మెల్లగా తిప్పాలి. ఎండిన వేడి ఇంజినులో కాలువ నీరు పోస్తే హెడ్ పగులుతుంది.

చల్లారిన ఇంజినును మూత తీసి ప్రారంభించినపుడు రేడియేటర్‌లో ఆగకుండా బుడగలు లేచినా, డిప్‌స్టిక్కుపై నూనె పాలరంగుకు మారినా హెడ్ గ్యాస్కెట్ పోయినట్లు భావించాలి. ఆ ట్రాక్టరును ఇంకొక్క మడి అని దమ్ములోకి దింపవద్దు. మరొక ట్రాక్టరుకు కట్టి వర్క్‌షాపుకు లాగించి, మిగిలిన మళ్ళకు అదేరోజు బదులు ఏర్పాటు చూసుకోవాలి.