పట్టేసిన బోల్టు ఎందుకు కదలదు?

పిల్లలూ! కరీంనగర్ నుండి రామగుండం వెళ్ళే రాజీవ్ రహదారి మా బసంత్‌నగర్ మీదుగానే పోతుంది. ఇక్కడ సిమెంటు దుమ్ము, కొంచెం ముందుకు పోతే గోదావరిఖని బొగ్గు పొడి. వానాకాలంలో ఈ దుమ్మంతా బురదై బండ్ల అడుగుభాగాన అంటుకుంటుంది. పైన ఎండ కాసినా ఆ బురద కింద తడి రోజుల తరబడి ఆరదు. తుప్పుకు అంతకంటే మంచి చోటు ఏముంటుంది?

పోయిన వానాకాలంలో నా మోటారు సైకిలు వెనక షాక్ అబ్జార్బర్లు రెండూ నూనె కారసాగాయి. కొత్తవి తెచ్చి ఇంట్లోనే మారుద్దామని కూర్చున్నాను. కుడివైపు కింది బోల్టు ఎంత తిప్పినా కదల్లేదు. ఏళ్ళ తరబడి బల భ్రామకం పాఠం చెబుతున్నవాణ్ణి కదా! 15 సెంటీమీటర్ల పానాకు ఇనుప గొట్టం తొడిగి 45 సెంటీమీటర్లు చేశాను. అదే బలానికి భ్రామకం మూడింతలయింది. 'టప్'మని బోల్టు తల తెగింది. నా వేళ్ళు సైలెన్సరుకు కొట్టుకుని తోలు లేచిపోయింది.

చూడవచ్చిన మెకానిక్కు నవ్వి, "సార్, దీనికి బలం కాదు, టైమియ్యాలె" అన్నాడు. ఆ మాటలో ఎంత సైన్సు ఉందో చూద్దాం.

బోల్టును పట్టి ఉంచేది ఏమిటి?

ఇనుము గాలిలోని ఆక్సిజన్‌తోనూ, నీటితోనూ కలిసి తుప్పుగా మారుతుంది. తుప్పు తాను పుట్టిన ఇనుము కంటే రెండింతలకు పైగా చోటు ఆక్రమిస్తుంది. బోల్టు మరలకూ, నట్టు మరలకూ మధ్య ఖాళీ చాలా తక్కువ. ఆ ఖాళీలో తుప్పు పెరిగి రెంటినీ గట్టిగా ఒత్తుతుంది. తలుపు సందులో చెక్కముక్క దూర్చినట్లే!

తుప్పు తిన్న కొద్దీ బోల్టు సన్నబడుతుంది కూడా. 10 మిల్లీమీటర్ల బోల్టు 8 మిల్లీమీటర్లకు తగ్గిందనుకోండి. మెలితిప్పుడును తట్టుకునే శక్తి వ్యాసపు ఘనాన్ని బట్టి ఉంటుంది. కాబట్టి అది సుమారు సగానికి పడిపోతుంది. నా బోల్టు తెగింది అందుకే.

మరి ఎలా తీయాలి?

రెండోవైపు బోల్టును మెకానిక్కు ఇలా తీశాడు. ముందు తీగ బ్రష్‌తో బురద, తుప్పు గీకాడు. పలుచటి నూనె పోసి రాత్రంతా వదిలేశాడు. స్నిగ్ధత తక్కువున్న నూనె కేశనాళికీయత వల్ల సన్నటి సందుల్లోకి తనంతట తానే పాకుతుంది. అదే అతడడిగిన 'టైము'. తెల్లవారి సుత్తితో బోల్టు తలపై మెల్లగా తట్టాడు. తుప్పు పెళుసు కాబట్టి ఆ అదురుకు పగుళ్ళిచ్చింది. తర్వాత ముందు కాస్త బిగించి, అప్పుడు వదులు చేశాడు. అలా అటూ ఇటూ తిప్పుతూ ఉంటే బోల్టు చేతికి వచ్చేసింది.

"వేడి చేయకూడదా?" అన్నాను. ఎద్దుబండి చక్రానికి ఇనుప పట్టాను కాల్చి తొడగడం పెద్దలు చూసే ఉంటారు. వేడికి పట్టా వ్యాకోచించి వెడల్పవుతుంది. నట్టూ అంతే. 10 మిల్లీమీటర్ల రంధ్రం 200 డిగ్రీల సెల్సియస్ వేడి పెరిగితే 0.024 మిల్లీమీటరు పెద్దదవుతుంది. తుప్పు పట్టు సడలడానికి ఆ కాస్త చాలు. కానీ షాక్ అబ్జార్బర్ దగ్గర ఆ పని చేయకూడదు. అక్కడ రబ్బరు బుష్షు కాలుతుంది, లోపలి నూనె వేడెక్కి పేలవచ్చు, పోసిన నూనె అంటుకోవచ్చు.

ఇంకో మాట. సగం మెలిపడి తెగకుండా మిగిలిన బోల్టు మరీ ప్రమాదం. దాన్నే మళ్ళీ బిగిస్తే నడిరోడ్డు మీద తెగుతుంది. తలపై 8.8 వంటి అంకె ఉంటే, అదే అంకె ఉన్న కొత్త బోల్టు వేయాలి. బండిని గట్టిగా నిలబెట్టకుండా, పెద్దవాళ్ళు లేకుండా మీరు ఈ పనికి పూనుకోకండి.

మీరే చేసి చూడండి

ఒకే రకం బోల్టులు, నట్లు మూడు జతలు తీసుకోండి. ఒక జతకు ముందే గ్రీజు రాయండి. మూడింటినీ బిగించి, రెండు వారాలపాటు రోజూ ఉప్పునీటితో తడపండి. తర్వాత గ్రీజు లేని ఒక జతపై కుట్టుమిషన్ నూనె వేసి రాత్రంతా ఉంచండి. మర్నాడు మూడింటినీ ఒకే పానాతో తిప్పండి. ఏది తేలిగ్గా వచ్చింది? ఏది మొండికేసింది? కారణం మీ నోటుపుస్తకంలో రాసుకోండి. నా వేళ్ళు దెబ్బ తిని నేర్చుకున్న పాఠం మీకు దెబ్బ లేకుండానే వస్తుంది!