ఒక టేపు, రెండు గొట్టాలు

అమ్మడూ, కారు సంగతి మెకానిక్‌ని అడిగే ముందు టైరునే అడుగు. ముందు చక్రం మీద అరచెయ్యి ఆనించి, బయటి అంచు నుంచి లోపలికి అడ్డంగా జరుపు. తర్వాత లోపలి నుంచి బయటికి లాగు. రెండువైపులా ఒకేలా తగిలితే గొడవే లేదు. లోపలికి పోయేటప్పుడు నున్నగా జారి, బయటికి వచ్చేటప్పుడు గరుగ్గా పట్టుకుందంటే, చక్రాలు రెండూ ముందువైపు దగ్గరగా, వెనకవైపు ఎడంగా ఉన్నాయన్నమాట. దాన్నే టో-ఇన్ అంటారు. తిరగేసి తగిలితే టో-అవుట్. చెయ్యి మాత్రం జాగ్రత్త, బాగా అరిగిన టైర్లో తీగలు బయటపడి గుచ్చుకుంటాయి.

వీల్ అలైన్‌మెంట్ అనగానే టో, క్యాంబర్ (చక్రం నిలువు నుంచి పక్కకి వాలడం), క్యాస్టర్ (చక్రం తిరిగే స్టీరింగ్ ఇరుసు ముందుకో వెనక్కో వాలడం) అని మూడు పేర్లు చదువుతారు. మూడింట్లో టైరుని తొందరగా తినేసేది టో. చిన్న కార్లు చాలావాటిలో మెకానిక్ సులువుగా సరిచేసేదీ, మనం ఇంటి దగ్గర కొలుచుకోగలిగేదీ కూడా అదే. వేగం పెరిగాక స్టీరింగ్ గడగడ వణికితే అది వేరే జబ్బు, ముందు బ్యాలెన్సింగ్ చూపించాలి. చాలామంది రెండింటినీ కలిపేసి డబ్బు పోగొట్టుకుంటారు.

"మూడు మిల్లీమీటర్ల తేడాకే అంత రాద్ధాంతమా తాతయ్యా?" అంటావని తెలుసు. లెక్క కట్టి చూద్దాం. 14 అంగుళాల రిమ్ అంటే 356 మిల్లీమీటర్లు. రిమ్‌ల మధ్య దూరం వెనక కంటే ముందు 3 మిల్లీమీటర్లు తక్కువగా ఉందనుకో. చక్రానికి ఒకటిన్నర చొప్పున వాటా. ఒకటిన్నరని 356తో భాగించు. మీటరుకు 4 మిల్లీమీటర్ల పైచిలుకు వస్తుంది. అంటే కిలోమీటరు నడిచేసరికి ఒక్కో చక్రం 4 మీటర్లు పక్కకి పోవాలని చూస్తుంది, కారేమో పోనివ్వదు. ఆ పెనుగులాటలో రబ్బరు కొంత సాగి సర్దుకుంటుంది, సర్దుకోలేనిది రోడ్డు మీద అరిగిపోతుంది. ఇక్కడి నుంచి విజయవాడ వెళ్లి వచ్చేసరికి ఎంతవుతుందో నువ్వే లెక్కేసుకో.

సామానేం పెద్దది కాదు. అల్యూమినియం కిటికీలు చేసే దుకాణంలో తెగిన ముక్కలు పడి ఉంటాయి. మూడడుగుల చదరపు గొట్టాలు రెండు అడుగు. ఒక కన్ను మూసి కొస నుంచి చూడు, వడ్రంగులు చూస్తారే అలా. వంకర ఉంటే వద్దను. మధ్యలో ఒక గీత గియ్యి. ఆ గీతకి అటూ ఇటూ 356 మిల్లీమీటర్ల దగ్గర హాక్సా బ్లేడుతో సన్నని గాడి పెట్టు. గాడికీ గాడికీ మధ్య 712 వస్తుంది. రిమ్‌కి సరిగ్గా రెట్టింపు. ఇందులోనే కిటుకుంది. చక్రం దగ్గర 3 మిల్లీమీటర్ల తేడా ఇక్కడ 6 అయి కనపడుతుంది. ముసలి కళ్లకి అదెంత సాయమో నీకిప్పుడు తెలియదులే.

కారుని చదునైన సిమెంటు నేల మీద నిలుపు. టైర్లలో గాలి సరిగ్గా ఉండాలి. చక్రానికి బయటివైపు, ముందొకచోట వెనకొకచోట, రెండేసి ఇటుకలు పడుకోబెట్టి పేర్చి, గొట్టాన్ని వాటి మీద పెట్టి టైరుకి ఆనించు. ఆ ఎత్తులో గొట్టం టైరుని రెండు చోట్ల తాకుతుంది. కింద బరువుకి ఉబ్బిన చోటు దానికి తగలదు. కొసకి బరువు కట్టిన తూకం దారం వేలాడదీసి గొట్టం మధ్య గీతని చక్రం నడిమధ్యకి తే. ఇంకో ఇటుకతో బయటి నుంచి ఒత్తిపెట్టు. అవతలి చక్రానికీ ఇంతే. ఇక కారు కిందుగా టేపు లాగి ముందు గాళ్ల మధ్య దూరం ఒకసారి, వెనక గాళ్ల మధ్య దూరం ఒకసారి చూడు. టేపు దేనికైనా తగులుతుంటే ఇటుకల ఎత్తు కాస్త తగ్గించు.

ఇప్పుడు అసలు మాట. మన టేపు తప్పుడుదే కావచ్చు, మొదట్లో కొక్కెం వదులై ఒక మిల్లీమీటరు దొంగిలించనూ వచ్చు. అయినా ఫరవాలేదు. ముందూ వెనకా అదే టేపు, అదే లాగుడు కాబట్టి దొంగతనం రెండు చోట్లా ఒకటే, తీసివేసేటప్పుడు కొట్టేసుకుంటుంది.  మనకి కావలసింది దూరం కాదు, తేడా. అందుకే రెండు టేపులు వాడొద్దంటాను, ఎంత ఖరీదైనవైనా సరే.

టైరు స్వయంగా కొంచెం వంకరగా ఉంటే? కారుని అర చుట్టు ముందుకి నెట్టి మళ్లీ కొలువు, రెండు తేడాల సగటు తీసుకో. ముందుకే నెట్టు సుమా. వెనక్కి నెడితే స్టీరింగ్ కీళ్లలోని వదులు అటు వాలి లెక్క మారిపోతుంది.

స్టీరింగ్ తిన్నగా ఉండాలన్నది మరీ ముఖ్యం. మలుపులో లోపలి చక్రం చిన్న వలయం మీద తిరుగుతుంది, కాబట్టి బయటిదాని కంటే ఎక్కువ వాలాలి. మ్యూనిక్‌లో గుర్రపు బగ్గీలు చేసే లాంకెన్‌స్పెర్గర్‌కి చక్రాలు అలా వాలేలా చేసే ఉపాయం తట్టింది. 1818లో లండన్‌లో అతని తరఫున పేటెంటు తీసుకున్న అకర్‌మాన్ పేరే దానికి నిలిచిపోయింది. పాపం అసలాయన! సరే, మనకి అందే నీతల్లా ఏమిటంటే, చక్రాలు ఏ కాస్త తిరిగి ఉన్నా టో లెక్క తప్పుతుంది.

క్యాంబర్ కూడా చూడాలని ఉంటే తూకం దారాన్ని రిమ్ ముందు వేలాడదీసి, రిమ్ పై అంచుకీ కింది అంచుకీ దారం నుంచి ఎంత దూరమో చూడు. తేడా 6 మిల్లీమీటర్లుంటే సుమారు ఒక డిగ్రీ. నేల వాలుగా ఉంటే ఇది నమ్మకు. క్యాస్టర్ జోలికి మాత్రం మన గొట్టాలతో పోలేం. టో విషయంలోనూ గొట్టాలు తేడా మొత్తం ఎంతో చెబుతాయి గానీ, ఏ చక్రం ఎంత తప్పిందో చెప్పవు.

నీ కారుకి టో ఎంతుండాలో కారుతో వచ్చిన పుస్తకంలో లేకపోతే సర్వీసు వాళ్లని అడుగు. నీకొచ్చిన తేడాని సగం చేసి దానితో పోల్చు. ఎక్కువుంటే టో సరిచేసే టై రాడ్ లాక్ నట్ జోలికి నువ్వు పోకు, ఉత్త జాకీ మీద లేపిన కారు కిందికి దూరే పనే పెట్టుకోకు. మెకానిక్ దగ్గరికే తీసుకెళ్లు. చేయించుకుని వచ్చిన సాయంత్రం మాత్రం గొట్టాలు మళ్లీ పెట్టి కొలిచి, ముందూ తర్వాతా అంకెలు తేదీ వేసి రాసిపెట్టుకో.