బెట్ట పట్టిన చేను, బూజు పట్టిన గింజ

సెప్టెంబరులో వాన ముఖం చాటేస్తే అనంతపురం చెనక్కాయ (వేరుశనగ) రైతు మనసులో మొదలయ్యే లెక్క ఒకటే: ఎకరాకు ఎన్ని బస్తాలు పోతాయి? ఊడలు దిగే వేళ పదును లేకపోతే కాయ కట్టదు. కాయ ఊరే వేళ లేకపోతే గింజ నిండదు. ఈ నష్టం కంటికి కనిపిస్తుంది, కాటా మీద తేలుతుంది. కాటా చెప్పలేని నష్టం ఇంకొకటి అదే చేలో, అదే బెట్టలో మొదలవుతుంది. మట్టిలో ఎప్పుడూ ఉండే ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు, నీటి కోసం అల్లాడుతున్న కాయలోకి చొరబడి అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తుంది. ఆ విషం కంటికి ఆనదు, ముక్కుకు అందదు, చాలాసార్లు నాలుకకూ తెలియదు.

ఇది ఎగుమతి వ్యాపారుల తలనొప్పి అని చాలామంది అనుకుంటారు. కానీ చెనక్కాయ మనకు అమ్ముకునే సరుకు మాత్రమే కాదు. జొన్నరొట్టెలోకి ఊరిబిండి, సంగటిలోకి చట్నీ, గుత్తివంకాయలోకి పొడి, తీరిక వేళ ఉడకబెట్టిన పచ్చికాయలు, అన్నీ అదే. 2020 నుంచి ప్రభుత్వ బడుల్లో పిల్లలకు మధ్యాహ్న భోజనంతో పాటు వారానికి మూడుసార్లు చిక్కీ ఇస్తున్నారు. పశువుకు మేత చెనక్కాయ కట్టె, దాణా చెనక్కాయ చెక్క. చేను నుంచి గాటిదాకా, గాటి నుంచి పాలగిన్నెదాకా ఒకే పంట నడిచే ప్రాంతం ఇది. ఆ పంటలో విషం ఎంతుందో కొలిచి చూసే అలవాటు మాత్రం ఇంటి తిండి విషయంలో మనకు లేదు.

ప్రపంచానికి ఈ విషం ఉనికి తెలిసింది కూడా చెనక్కాయ చెక్క వల్లే. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు అంతుపట్టని జబ్బుతో చచ్చిపోయాయి. కారణం వెతికితే బ్రెజిల్ నుంచి దిగుమతి అయిన వేరుశనగ చెక్క, అందులోని బూజు, ఆ బూజు విడిచిన విషం బయటపడ్డాయి. మనకూ ఎక్కువ కాలం పట్టలేదు. ఆంధ్రలో ముర్రా గేదెలు వేరుశనగ చెక్క తిని విషం పాలైన సంగతి 1965లోనే భారత పశువైద్య పత్రికకు ఎక్కింది.

మనుషుల మీద దెబ్బ పడింది 1974లో. రాజస్థాన్‌లోని బాన్స్‌వాడా, గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాల్లో అకాల వానలకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్న తిన్న గిరిజన కుటుంబాల్లో కామెర్లు వచ్చాయి, పొట్టలో నీరు చేరింది. నమోదైన 397 మంది రోగుల్లో 106 మంది చనిపోయారు. అదే ఇంటి తిండి తిన్న కుక్కలకూ పొట్ట ఉబ్బింది. ఆ వ్యాధి గుట్టు విప్పినవారిలో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ముందున్నారు. 1975లో లాన్సెట్ పత్రికలో వచ్చిన వారి పరిశోధన ఇవాళ్టికీ ఈ విషయంలో ప్రామాణికం. అక్కడి మొక్కజొన్నలో కిలోకు 6 నుంచి 15 మిల్లీగ్రాముల దాకా అఫ్లటాక్సిన్ ఉంది. నేడు మన దేశం అనుమతించే హద్దు కిలోకు 15 మైక్రోగ్రాములు. అంటే ఆ ఇళ్లలో తిన్నది ఈ హద్దుకు నాలుగు వందల నుంచి వెయ్యి రెట్లు.

అనంతపురం విషయంలో భయపడాల్సింది అలా ఒక్కసారిగా వచ్చి పడే చావు గురించి కాదు. కొద్దికొద్దిగా, ఏళ్ల తరబడి ఒంట్లోకి చేరే విషం గురించి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అఫ్లటాక్సిన్లను మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తాయని రుజువైన మొదటి వర్గంలో పెట్టింది. దెబ్బ ముఖ్యంగా కాలేయానికి. హెపటైటిస్ బి ఉన్నవారు ఈ విషాన్నీ తింటే కాలేయ క్యాన్సర్ ముప్పు ఒక్కో కారణం విడిగా తెచ్చేదానికన్నా ఎన్నో రెట్లు పెరుగుతుంది. పిల్లల ఎదుగుదల కుంటుపడటానికీ దీనికీ సంబంధం ఉందని ఆఫ్రికా దేశాల అధ్యయనాలు చెబుతున్నాయి. బలానికని పిల్లలకు పెట్టే గింజ శుభ్రంగా ఉండాలనడం అందుకే అతి జాగ్రత్త కాదు.

మట్టిలో ఏం జరుగుతుంది?

అనంతపురం అంటే ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, లోతు లేని ఎర్ర నేలలు, నైరుతి మేఘాలు పడమటి కనుమల అవతలే కురిసిపోయే వానచాటు ప్రాంతం. 2022 ఏప్రిల్‌లో జిల్లా రెండుగా విడిపోయి కదిరి, ధర్మవరం, హిందూపురం శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లినా ఆకాశం మాత్రం రెండింటికీ ఒకటే. జులైలో విత్తనం పడితే అక్టోబరు, నవంబరుల్లో కాయ పెరుకుతారు. చివరి నాలుగు నుంచి ఆరు వారాల బెట్ట ఈ కథకు కీలకం.

చెనక్కాయ గింజకు తనదైన రక్షణ ఉంది. బూజు తాకగానే గింజ కొన్ని రసాయనాలను పుట్టించుకుని ఎదురు తిరుగుతుంది. ద్రాక్షలో ఉంటుందని గొప్పగా చెప్పుకునే రెస్వెరట్రాల్ అందులో ఒకటి. అయితే వాటిని తయారు చేసుకోవడానికి గింజలో తేమ ఉండాలి. నేల ఎండి గింజలో తేమ పడిపోతే ఈ రక్షణ ఆగిపోతుంది. సరిగ్గా అప్పుడే, పైన ఆకు వాలి నేలకు నీడ లేక, కాయ ఉన్న లోతులో మట్టి 28 నుంచి 31 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. బూజుకు అంతకన్నా అనువైన కాలం లేదు. దీనికి చెదలు, వేరుపురుగు తోడైతే డొల్లకు పడిన చిన్న రంధ్రమే దారి. పంట బాగా తడిలో ఉన్న ఏడు కనిపించని విషం కరువు ఏడు కనిపించడానికి కారణం ఇదే. దిగుబడి కోసిన బెట్టే, మిగిలిన ఆ కాస్త గింజనూ చెడగొడుతుంది. కరువు నష్టపరిహారం లెక్కల్లో ఈ రెండో నష్టానికి గడి లేదు. ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను.

పెరికిన తర్వాత మిగతా పని వాన చేస్తుంది. కరువు సీమలో వానను తప్పుపట్టడం విచిత్రంగా తోచవచ్చు. ఈశాన్య రుతుపవనాలు వచ్చే రోజులు, కాయ కల్లంలో ఉండే రోజులు ఒకటే. పెరికిన చెట్లను కాయ పైకి వచ్చేలా తిప్పి ఆరబెడితే గాలి ఆడుతుంది. వాన భయంతో పచ్చిగానే వామి వేస్తే లోపల ఉడికిపోతుంది. కాయలో తేమ 8 శాతానికి దిగేదాకా ఆరాలి. రైతు చేతిలో కొలిచే యంత్రం ఉండదు కాబట్టి కాయను ఊపి లోపల గింజ గలగలమనడం వింటాడు. అంత జాగ్రత్తగా ఆరబెట్టిన కాయమీద, మరలో ఒలిచేటప్పుడు గింజ పగలకూడదని మళ్లీ నీళ్లు చల్లుతారు. పగలని గింజకు ధర ఎక్కువ. ఆ తడితో గోనెసంచిలో కట్టి పెడితే బూజుకు మరో అవకాశం ఇచ్చినట్టే. ఈ ఒక్క అలవాటు మానాలని శాస్త్రవేత్తలు ఎన్నాళ్లనుంచో మొత్తుకుంటున్నారు.

గుంటల పలకలో పసుపు రంగు

1972లో పటాన్‌చెరులో మొదలైన అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఈ విషాన్ని కొలిచే పనిని పేదవాడి అందుబాటులోకి తేవాలని చాలా కష్టపడింది. అక్కడ వాడుకలోకి వచ్చిన ఎలైజా పరీక్ష తీరు చూడదగ్గది. గింజలను పొడిచేసి మిథనాల్‌లో కలిపి వడగడతారు. ఆ ద్రవాన్ని 96 చిన్న గుంటలున్న ప్లాస్టిక్ పలకలో వేస్తారు. యాంటీబాడీలు, ఎంజైము తమ పని చేశాక గుంటల్లో పసుపు రంగు పుడుతుంది. ఇక్కడ రంగు తిరగబడి పనిచేస్తుంది. పసుపు చిక్కగా ఉంటే సరుకు శుభ్రం, రంగు పాలిపోయి ఉంటే విషం ఉన్నట్టు. ఒక నమూనాకు 25 డాలర్లు అయ్యే పరీక్షను ఈ పద్ధతి ఒక డాలరుకు దించిందని ఇక్రిశాట్ చెబుతుంది. 2016లో ప్రయోగశాల అవసరం లేకుండా పావుగంటలో, రెండు డాలర్ల లోపు ఖర్చుతో ఫలితం చూపే చేతి పరికరాన్నీ ఆ సంస్థ బయటపెట్టింది.

2000 తర్వాతి తొలి ఏళ్లలో ఇక్రిశాట్, ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం, బ్రిటన్‌లోని రీడింగ్ విశ్వవిద్యాలయం, స్వచ్ఛంద సంస్థలు కలిసి అనంతపురం, చిత్తూరు జిల్లాల పల్లెల్లో రైతుల చేలల్లోనే పనిచేశాయి. వాళ్లు చేసి చూపినవి ఇవి: పశువుల ఎరువుతో కలిపి ట్రైకోడెర్మా అనే మేలు చేసే బూజును వేయడం, ఊడలు దిగే వేళ జిప్సం వేసి డొల్లను గట్టిపరచడం, కాయ ముదిరిన వెంటనే పెరకడం, తాలు కాయలనూ పురుగు పట్టిన కాయలనూ వేరు చేయడం. ఇందులో చాలావరకు రైతుకు బొత్తిగా కొత్తవి కావు. ఎందుకు చేయాలో కారణం తెలియడం కొత్త.

విత్తనం వైపు నుంచి చూస్తే, ఈ బూజుకు పూర్తిగా లొంగని రకం ఇంతవరకు రాలేదు. 1940లో విడుదలైన టీఎంవీ-2 రకం దశాబ్దాలపాటు ఈ చేలను ఏలింది. త్వరగా కోతకొచ్చే ఐసీజీవీ 91114 రకం 2006లో అనంతపురం కోసమే విడుదలైంది. కదిరి పరిశోధనా స్థానం కదిరి-6, కదిరి లేపాక్షి వంటి రకాలు ఇచ్చింది. త్వరగా పండే రకం చివరి బెట్టను కొంతైనా తప్పించుకుంటుంది. 2018లో ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు అమెరికాలోని డాన్‌ఫోర్త్ కేంద్రంతో కలిసి జన్యుమార్పిడి చేసిన వేరుశనగ గురించి ప్రకటించారు. మామూలు గింజలో కిలోకు 3,000 మైక్రోగ్రాములు దాటిన విషం, వాటిలో 20 లోపే ఉంది. అది ఇంకా ప్రయోగశాల దాటి చేనికి రాలేదు. దాని కోసం చేతులు కట్టుకుని కూర్చోలేం.

పాతిక కిలోలు, ఒక గింజ

అఫ్లటాక్సిన్‌తో వచ్చే పెద్ద చిక్కు, అది సరుకంతా సమానంగా ఉండదు. వేల గింజల్లో ఒకటో రెండో గింజల్లో పోగుపడుతుంది. ఒక్కో గింజలో కిలోకు పది లక్షల మైక్రోగ్రాముల స్థాయి కూడా గతంలో నమోదైంది. గింజ బరువు 0.4 గ్రాములు అనుకుంటే దానిలో 400 మైక్రోగ్రాముల విషం ఉన్నట్టు. శుభ్రమైన పాతిక కిలోల గింజల్లో అలాంటిది ఒక్కటి పడితే చాలు, మొత్తం సరుకు 15 మైక్రోగ్రాముల హద్దు దాటుతుంది. కాబట్టి గుప్పెడు తీసి పరీక్షించి శుభ్రమని చెప్పడం సరిపోదు. నాలుగు చోట్ల నుంచి ఎక్కువ సరుకు తీసి పొడిచేసి కలిపి చూడాలి.

అందుకే ఈ యుద్ధంలో అన్నిటికన్నా పదునైన ఆయుధం ఇప్పటికీ మనిషి కన్నే. మిల్లుల్లో చాటల ముందు కూర్చుని ముడుచుకున్న గింజ, రంగు మారిన గింజ, మొలక దగ్గర బూజు కనిపించిన గింజ, పగిలిన గింజ ఏరేసే ఆడకూలీలు చేసేది ఆహార భద్రత పనే. ఆ పనికి ఆ పేరూ లేదు, ఆ కూలీ లేదు. మరి ఏరేసిన గింజ ఎక్కడికి పోతుంది? పారేయరు. చవకగా నూనె గానుగకో దాణాకో పోతుంది. గానుగ పట్టినప్పుడు విషం ఎక్కువ భాగం చెక్కలోనే మిగులుతుంది, కొంత నూనెలోకీ దిగుతుంది. నూనె శుద్ధి చేసే కర్మాగారాల్లో అది పోతుంది, ఊరి గానుగలో పోదు. గానుగ నూనెను కొంతసేపు నేరుగా ఎండలో ఉంచితే విషం బాగా తగ్గుతుందని మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనా సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐ పరిశోధకులు 1970ల్లోనే చూపారు. చెక్క తిన్న గేదె పాలల్లో ఈ విషం ఎం1 అనే రూపంలో బయటికొస్తుంది. మరిగిస్తే పోదు. ఆహార భద్రత ప్రమాణాల సంస్థ 2018లో దేశమంతటా 6,432 పాల నమూనాలు పరీక్షిస్తే 368 నమూనాల్లో ఇది హద్దు మించి ఉంది. పాలలో నీళ్లు కలిపారని పోట్లాడే మనం ఈ ప్రశ్న ఎన్నడైనా అడిగామా?

ఐరోపా తన ప్రజలు నేరుగా తినే వేరుశనగలో కిలోకు 4 మైక్రోగ్రాములకు మించి ఒప్పుకోదు. భారత సరుకును ప్రత్యేక తనిఖీల జాబితాలో పెట్టింది. 2025 సెప్టెంబరులో ఇండోనేషియా మన వేరుశనగ దిగుమతినే నిలిపేసింది. అలాంటి ప్రతిసారీ ఢిల్లీలో కదలిక వస్తుంది, మిల్లుల్లో రంగును బట్టి గింజను వేరుచేసే యంత్రాలు వస్తాయి, ఓడ ఎక్కే ప్రతి లాటుకూ పరీక్ష పత్రం ఉంటుంది. ఆ శ్రద్ధను నేను తప్పుపట్టను. అదే శ్రద్ధ మన బడిలో చిక్కీ తినే పిల్లకూ కావాలంటున్నాను. ఓడకెక్కే గింజకు ఒక కన్ను, ఊళ్లో మిగిలే గింజకు ఒక కన్ను ఉండకూడదు.

ఇది చేయలేని పని కాదు. పరీక్ష చవకైంది, పరికరం చేతిలో ఇమిడేంత చిన్నదైంది, ఏం చేయాలో కదిరిలోనూ పటాన్‌చెరులోనూ తెలిసినవాళ్లు ఉన్నారు. కొనుగోలు కేంద్రంలో తేమ కొలిచినట్టే విషాన్నీ కొలవాలి. శుభ్రమైన గింజకు పైసలు ఎక్కువ ఇవ్వాలి. లేకపోతే ఆరబెట్టిన రైతుకూ పచ్చిగా తెచ్చిన రైతుకూ ఒకటే ధర పడుతుంటే ఎవరు కష్టపడతారు? చిక్కీ సరఫరాకు ఇచ్చే ప్రతి గింజల లాటుకు పరీక్ష ఫలితం బడి గోడమీద అంటించాలి. ఆ కాగితం చూపమని తల్లిదండ్రులు అడగాలి.

అంతదాకా ఇంట్లో చేయగలిగింది కొంతుంది. కాయను ఎండబెట్టి, నేల తడి తగలకుండా చెక్క బల్లమీద పెట్టండి. ఒలిచేటప్పుడు నీళ్లు చల్లకండి. ముడుచుకున్నవి, నల్లబడ్డవి, బూజు వాసన కొట్టేవి, నమిలితే చేదు తగిలేవి ఏరి పారేయండి. వేపితే బూజు చస్తుంది గానీ విషం పూర్తిగా పోదు. కాబట్టి వాటిని వేపి పొడి చేయొద్దు, గానుగకు పంపొద్దు, గేదె తొట్టిలో వేయొద్దు. ఏరేసిన ఆ గుప్పెడు గింజల విలువ ఐదు రూపాయలు కూడా ఉండదు.