కందపద్యం కొలత

బాలలారా! సుమతీ శతకం వల్లించిన మీకు కందపద్యం కొత్తది కాదు. కందమంటే కూర వండుకునే కంద కాదు సుమా! ప్రాకృత కవులు వాడిన స్కంధకమనే ఛందస్సు తెలుగు, కన్నడ భాషలకు వచ్చి కందమైంది. కరీంనగర్ జిల్లా కురిక్యాల దగ్గర, బొమ్మలమ్మగుట్ట మీద, కన్నడ కవి పంపని తమ్ముడు జినవల్లభుడు పదవ శతాబ్దంలో చెక్కించిన శాసనమున్నది. అందులో మూడు తెలుగు కందాలున్నాయి. నన్నయగారు భారతం చెప్పకముందే కందం రాతికెక్కిందన్నమాట!

దీని కొలత చూడండి. పొట్టి అక్షరానికి ఒక మాత్ర. దీర్ఘానికి రెండు, సున్న ఉన్నా, తరువాత జంట అక్షరమున్నా రెండే. నాలుగు మాత్రలు ఒక గణం. మొదటి, మూడవ పాదాలలో మూడేసి గణాలు, తక్కిన రెంటిలో అయిదేసి. మొత్తం 64 మాత్రలు.

"చిలకలు", "మావిడి", "వసంత" అన్నీ నాలుగు మాత్రలే. కాని "వసంత" వంటి గణం బేసి స్థానంలో రాకూడదు. ఇటువంటి చిక్కులుండబట్టే "కందం రాసినవాడే కవి" అన్నారు.

రెండవ, నాలుగవ పాదాలు గురువుతో ముగియాలి. మకుటం "సుమతీ" అని సాగడం అందుకే. లెక్కిస్తే అదీ ఒక గణమే!

ఒక పద్యం కాగితం మీద రాసి, అమ్మనో నాన్ననో పక్కన కూర్చోబెట్టుకొని మాత్రలు లెక్కించండి. 64 రాకపోతే సున్నలెక్కడైనా మరిచారేమో చూడండి.