ఎల్క్ వేటకు తగిన తూటా ఏది?

ఉత్తర అమెరికాలోని రాకీ పర్వత ప్రాంతాలలో సంచరించే ఎల్క్, మన కొండ అడవులలోని కణితికి దూరపు చుట్టం. మన దేశంలో కణితి, దుప్పి వంటి జంతువులను వేటాడడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం; రాష్ట్ర సరిహద్దుకు ఈవలనైనా, ఆవలనైనా చట్టం ఒక్కటే. అమెరికాలో మాత్రం రాష్ట్ర ప్రభుత్వాలు లైసెన్సులిచ్చి, నిర్ణీత కాలంలో ఎల్క్ వేటకు అనుమతిస్తాయి. తూటా ఎంపిక అక్కడ కేవలం అభిరుచికి సంబంధించిన విషయం కాదు. గాయపడిన జంతువు తప్పించుకొనిపోయి, అడవిలో రోజుల తరబడి బాధపడి మరణించకుండా చూడడం వేటగాని ప్రథమ ధర్మం.

మగ ఎల్క్ సుమారు 320 కిలోలు, ఆడది సుమారు 225 కిలోలు తూగుతుంది. దాని భుజపుటెముక దృఢమైనది. గుండు ఆ దేహాన్ని చీల్చుకొని ఊపిరితిత్తులను, గుండెను చేరగలిగితేనే జంతువు త్వరగా పడిపోతుంది.

గుండు శక్తి రెండింటిపై ఆధారపడుతుంది: బరువు, వేగం. బరువు రెట్టింపైతే శక్తి రెట్టింపవుతుంది. వేగం రెట్టింపైతే నాలుగింతలవుతుంది. 1906లో అమెరికా సైన్యం కోసం రూపొందిన ‘థర్టీ-ఆట్-సిక్స్’ తూటాను ఉదాహరణగా తీసుకుందాం. అందులోని 180 గ్రెయిన్ల గుండు, అనగా దాదాపు 11.7 గ్రాములది, సెకనుకు సుమారు 820 మీటర్ల వేగంతో వెలువడుతుంది. అప్పుడు దాని శక్తి 3,900 జౌళ్లకు పైమాటే. గాలి నిరోధం వల్ల దూరం పెరిగినకొద్దీ ఈ శక్తి తరిగిపోతుంది.

అందుచేతనే కొలరాడో రాష్ట్రం ఎల్క్ వేటకు కనీస ప్రమాణాలు విధించింది. గుండు వ్యాసం 6 మిల్లీమీటర్లకు, బరువు 85 గ్రెయిన్లకు తగ్గరాదు. 100 గజాల దూరంలో కనీసం 1,000 అడుగు-పౌండ్ల శక్తి, అనగా సుమారు 1,356 జౌళ్లు, మిగిలి ఉండాలి. తగిలిన వెంటనే విచ్చుకునే గుండునే వాడాలి. అయితే మరీ మెత్తని గుండు ఎముకకు తగిలి పైపైనే చితికిపోతుంది. కనుక విచ్చుకుంటూనే చెదరిపోకుండా లోతుకు దిగే గట్టి నిర్మాణం గల గుండు ఉత్తమం.

లోహం విషయమూ ముఖ్యమే. సీసపు తునకలు మిగిలిన మాంసాన్ని తిని కాండోర్ అనే అరుదైన రాబందులు విషప్రభావానికి గురయ్యాయి. ఆ కారణంగా కాలిఫోర్నియా 2019 నుండి వేటలో సీసపు గుండ్లను పూర్తిగా నిషేధించింది. రాగి గుండ్లు ఇందుకు ప్రత్యామ్నాయం.

మరి అన్నిటికంటే బలమైన తూటాయే మేలా? కాదు. 1963లో వచ్చిన ‘.300 వించెస్టర్ మాగ్నమ్’ చాలా శక్తిమంతమైనదే గాని, పేల్చినప్పుడు తుపాకీ భుజాన్ని గట్టిగా తన్నుతుంది. ఆ దెబ్బకు జంకి, మీట నొక్కే క్షణంలో కళ్లు మూసుకునేవారి గురి తప్పుతుంది. అటువంటివారికి 1925 నాటి ‘.270 వించెస్టర్’, 1952 నాటి ‘.308 వించెస్టర్’ వంటి మధ్యరకం తూటాలే శ్రేయస్కరం.

తాను జంకకుండా పేల్చగలిగిన తూటాను ఎంచుకోవడం, దానితో ముందుగా లక్ష్యఫలకంపై సాధన చేయడం, గురి కుదరని దూరంలో ఉన్న జంతువును విడిచిపెట్టడం: వేటగాడు పాటించవలసిన క్రమం ఇదే.