డైపర్ కేక్ చేయండి... బీరువాలో మాత్రం దాచకండి!

గత నెల మా మేనకోడలి సీమంతం. వారం ముందు ఫోన్ చేసి, ‘‘అత్తా, నువ్వు పిల్లల డాక్టరువి కదా, డైపర్ కేక్ నువ్వే చెయ్యాలి’’ అంది. కేకంటే తినేది కాదు. డైపర్లను చుట్టలు చుట్టి, మూడంతస్తులుగా పేర్చి, రిబ్బన్లు కట్టి పెళ్లి కేకులా కనిపించేలా చేసేది. అమెరికాలో బేబీ షవర్లకు ఎప్పటినుంచో ఉన్న అలవాటు. అక్కడున్న మన పిల్లల ఫొటోలు చూసి ఇక్కడా మొదలైంది. ఇప్పుడు గాజులు, చలిమిడి పళ్లేల పక్కన చోటు సంపాదించుకుంది. నాకైతే అభ్యంతరం లేదు. అలమరలో పడుండే వెండి గిన్నె కంటే ఇది నయం. అయితే చేస్తానని ఒప్పుకొన్నాక నాకు గుర్తొచ్చింది రిబ్బన్లు కాదు, మా వార్డులో చూసిన ఒక బిడ్డ.

కొన్నేళ్ల కిందటి మాట. నాలుగో రోజు బిడ్డ. మగపిల్లాడు. అరికాళ్ల దాకా పసుపు. పాలు తాగడం మానేసి మగతగా పడి ఉన్నాడు. ఎండలో పెడితే తగ్గుతుందని ఇంట్లో ఒక రోజంతా చూశారు. బిలిరుబిన్ 24 దాటింది. తల్లీబిడ్డల గ్రూపులు కలవకపోవడం లాంటి మామూలు కారణాలేవీ కనిపించలేదు. బిడ్డను చుట్టిన గుడ్డను విప్పుతుంటే ఘాటైన వాసన వచ్చింది. కలరా ఉండల వాసన! అమ్మమ్మగారు నెలల తరబడి ఎంతో ప్రేమగా బీరువాలో దాచిన మెత్తటి గుడ్డలవి. పురుగు పట్టకుండా మధ్య మధ్యలో ఉండలు వేశారు. పరీక్ష చేయిస్తే బిడ్డకు జి6పిడి అనే ఎంజైమ్ లోపం ఉంది. రక్తమార్పిడి చేయాల్సి వచ్చింది. బతికి బయటపడ్డాడు. ఆ అమ్మమ్మ మాత్రం వార్డు బయట బల్ల మీద కూర్చుని, ‘‘నా చేతులతోనే చేశానా అమ్మా’’ అని అడిగిన తీరు నేను మర్చిపోలేదు.

కలరా ఉండల్లో ఉండేది నాఫ్తలీన్. అది గాలిలోకి ఆవిరవుతూ బట్టల్లోకి ఇంకుతుంది. బిడ్డ పీల్చే గాలి నుంచీ చర్మం నుంచీ ఒంట్లోకి చేరుతుంది. నూనె రాసిన ఒంటికి మరింత త్వరగా పడుతుంది. మన ఇళ్లలో నూనె మర్దన లేని బాలింత గది ఉంటుందా? జి6పిడి లోపం ఉన్న పిల్లల్లో ఇది ఎర్ర రక్తకణాలను చిట్లిపోయేలా చేస్తుంది. కామెర్లు ఒక్కసారిగా పెరిగి మెదడుకు హాని చేయొచ్చు. ఈ లోపం మగపిల్లల్లో ఎక్కువ. ఇలాంటిదేదో తగిలేదాకా అది ఉన్నట్టే చాలామందికి తెలియదు.

ఇప్పుడు డైపర్ కేక్ సంగతి ఆలోచించండి. సీమంతం ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో జరుగుతుంది. అంటే ప్యాకెట్ విప్పి చేతులతో చుట్టిన డైపర్లు వారాల నుంచి రెండు నెలల దాకా ఇంట్లో ఉంటాయి. దుమ్ము పడుతుంది, చీమలూ బొద్దింకలూ చేరతాయి. అందుకని ఏ ఇల్లాలైనా చేసే పని దాన్ని బీరువాలో పెట్టడం. అక్కడ కలరా ఉండలు సిద్ధంగా ఉంటాయి.

అందుకే నా కేక్ విప్పడానికి వీలుగా చేశాను. సబ్బుతో చేతులు కడుక్కుని, ఉతికిన దుప్పటి పరుచుకుని కూర్చున్నాను. ఒక చుట్ట చుట్టూ ఆరు, దాని చుట్టూ పన్నెండు, ఆ బయట పద్దెనిమిది పెడితే గుండ్రంగా కుదురుతాయి. కాబట్టి కింది అంతస్తుకు 37 చుట్టలు, మధ్యదానికి 19, పైదానికి 7. కింది అంతస్తులో బయటి 18 చుట్టలూ డైపర్లు కాదు, కొత్త నూలు లంగోటాలు. ముందే ఉతికి ఎండలో ఆరేసినవి. లోపలి 19 స్మాల్ సైజు డైపర్లు. మధ్య అంతస్తు మొత్తం న్యూబార్న్ సైజు. పైన టోపీలు, సాక్సులు, ముందు ముడి వేసే జుబ్బాలు. డైపర్లు ప్యాంటులా తొడిగేవి కాకుండా పక్కల అంటించేవి తీసుకోండి. చుట్టడం తేలిక, బొడ్డు ఊడేదాకా దాని కిందికి మడిచి కట్టడమూ తేలిక. న్యూబార్న్ సైజు సాధారణంగా 5 కిలోల వరకే. మన పిల్లలు దాదాపు 3 కిలోలతో పుడతారు కాబట్టి అది మరీ ఎక్కువ కొంటే మిగిలిపోతుంది.

రబ్బరు బ్యాండ్ల బదులు నూలు నాడా కట్టాను. గుండుసూదులు, వేడి జిగురు, అంటించిన ముత్యాలు అసలు వద్దు. అర్ధరాత్రి నిద్రమత్తులో డైపర్ తీసే తల్లికి ఆ సూది కనపడదు. సెంటు కూడా చల్లొద్దు.

లంగోటాలెందుకని మేనకోడలు మూతి ముడిచింది. కారణం ఉంది. మొదటి వారంలో తల్లిపాలు చాలుతున్నాయో లేదో చెప్పేది మూత్రమే. అయిదో రోజు నుంచి రోజుకు కనీసం ఆరుసార్లు పోయాలి. ఇప్పటి డైపర్లు తడిని ఎంత బాగా పీల్చేస్తాయంటే, రెండుసార్లు పోశాడో నాలుగుసార్లు పోశాడో తెలియదు. గుడ్డ అయితే దాచదు. రంగు కూడా చూపిస్తుంది. పసిబిడ్డ మూత్రం నీళ్లలా ఉండాలి. గుడ్డకు పసుపు మరక పడుతున్నా, విరేచనం సున్నంలా తెల్లగా ఉన్నా, మొదటి 24 గంటల్లోనే పసుపు కనిపించినా, అరచేతులకూ అరికాళ్లకూ పాకినా ఎండ కోసం చూడకుండా ఆసుపత్రికి రండి. పగలు లంగోటా, రాత్రి డైపర్. మొదట్లో నా సలహా ఇదే. ఎండుతున్నాయి కదా అని ఒకే డైపర్ తెల్లవార్లూ ఉంచితే ఒరుసుకుని దద్దుర్లొస్తాయి.

అలంకారం కోసం కేక్‌లో గుచ్చే వస్తువుల్లో సగం నాకు నచ్చవు. పౌడర్ డబ్బా వద్దు, ఆ పొడి బిడ్డ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కాటుక, గ్రైప్ వాటర్ వద్దు. తేనె సీసా ఏడాది నిండేదాకా ఇంట్లో బిడ్డకు అందకుండా ఉండాలి. పాల సీసా అయితే మరీనా! పాలిచ్చే తల్లికి ముందే ‘నీ పాలు చాలవు’ అని చెప్పినట్టుంటుంది. వాటి బదులు థర్మామీటరు, జింక్ ఆక్సైడ్ క్రీము, తల్లికి ప్రసవం తర్వాత కావలసిన పెద్ద ప్యాడ్లు పెట్టాను. తల్లి సంగతి ఈ కేకుల్లో ఎవరికీ గుర్తుండదు.

ఇంతా చేశాక మా అమ్మ అడ్డుపడింది. బిడ్డ పుట్టకముందే బట్టలు కొనకూడదట. ఆ పట్టింపు ఉన్నవాళ్లతో వాదించకండి. కేక్‌ను బారసాలకు ఇవ్వండి. అప్పటికి బిడ్డ బరువు తెలిసి ఉంటుంది, సరైన సైజు కొనొచ్చు. మా ఇంట్లో కొంత బేరం జరిగి, పై అంతస్తులో జుబ్బాలు తీసేసి పూలు పెట్టాం.

ఫొటోలయ్యాక అదే రాత్రి కేక్ విప్పేశాం. డైపర్లన్నీ గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలోకి వెళ్లాయి. లోపల ఉండలూ లేవు, కర్పూరమూ లేదు. ఇంట్లో దాచిన పాత నూలు చీరలు వాడాలనుకుంటే నిక్షేపంగా వాడండి. కలరా ఉండల మధ్య ఉన్నవి మాత్రం పక్కన పెట్టేయండి, ఉతికాక వాసన పోయినట్టనిపించినా సరే. బాలింత గదిలో బీరువా ఉంటే ప్రసవానికి చాలా ముందే ఉండలన్నీ ఏరి పారేసి, తలుపులు తెరిచి గాలి తగలనివ్వండి.

మర్నాడు పొద్దున చూస్తే డబ్బా కనిపించలేదు. అమ్మ దాన్ని భద్రంగా తన బీరువాలో, పట్టుచీరల వెనక పెట్టింది. ఆ అరలో మూడు తెల్లటి ఉండలు దొరికాయి. ‘‘మూత ఉందిగా’’ అంది. వార్డులోని అమ్మమ్మ సంగతి అప్పుడు చెప్పాను. ఏమీ మాట్లాడకుండా మిగతా అరలు కూడా తనే వెతికింది. ఇంకో ఏడు దొరికాయి. డబ్బా ఇప్పుడు హాల్లో టీవీ పక్కన ఉంది.