మీకు తెలుసా? అమెరికా డాలర్లు కరిగి మన రూపాయలయ్యాయి!

మీ అమ్మమ్మ దాచిన ఐదో జార్జి వెండి రూపాయి ఉంటే, ముందు సంవత్సరం చూడండి. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో మన దేశంలో వెండికి కటకట వచ్చింది. 1918లో అమెరికా పిట్‌మన్ చట్టం చేసి, సుమారు 27 కోట్ల వెండి డాలర్లు కరిగించింది. అందులో చాలా భాగం బ్రిటన్ కొని భారత్‌కు పంపింది. 1918-20 నాటి రూపాయిలో ఆ వెండే ఉండొచ్చు.

అసలు నాణెం తూకం 11.66 గ్రాములు, వెండి 91.7 శాతం. సంవత్సరం కింద పువ్వు దగ్గర చిన్న చుక్క ఉంటే బొంబాయిది, లేకుంటే కలకత్తాది. 1911 నాటిది దొరికితే కరిగించడానికి ఇవ్వకండి. దాని మీద రాజు అంగీపై ఉన్న ఏనుగు బొమ్మ పందిలా ఉందని అభ్యంతరాలు వచ్చి, మరుసటి ఏడాదే బొమ్మ మార్చారు. నాణేలు సేకరించేవాళ్లు దానికి వెండి ధరను మించి ఇస్తారు. చింతపండుతో మాత్రం తోమొద్దు, విలువ పడిపోతుంది.